పాస్టర్ గారు ఎన్నికల్లో నిలబడాలంటే ఏం చేయాలి

మీ ఊళ్ళో బోరు చెడిపోతే ఎంపీడీవో ఆఫీసు చుట్టూ తిరిగింది మీరు. వేలిముద్ర పడక పింఛన్ ఆగిపోయిన ముసలామెను సచివాలయానికి తీసుకెళ్ళింది మీరు. సమాధుల స్థలం కోసం సోమవారం సోమవారం కలెక్టరేట్ మెట్లెక్కింది మీరు. ఇప్పుడు ఊరివాళ్ళే ‘అయ్యగారూ, ఈసారి మీరే నిలబడండి’ అంటున్నారు. కర్నూలు, అనంతపురం, కడప వైపు ఇలాంటి పాస్టర్లు చాలామందే ఉన్నారు. వాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను. సర్పంచ్ అయినా, ఎంపీటీసీ అయినా, ఎమ్మెల్యే అయినా దారి చాలావరకు ఒకటే. తేడా ఉన్న చోట విడిగా చెప్తాను.

ఒక మాట ముందే చెప్పాలి. ఊరికి నిజంగా సేవ చేసిన పాస్టర్‌కు ఓట్లు అడిగే ధైర్యం ఉంటుంది, ఊళ్ళో గౌరవమూ ఉంటుంది. ఇబ్బంది వేరే చోట వస్తుంది. పుల్పిట్ (మందిరంలో వాక్యం చెప్పే పీఠం), కానుకల పెట్టె, కుల సర్టిఫికెట్, ఈ మూడూ ఎన్నికతో ముడిపడితే గెలిచిన సీటు కూడా కోర్టులో పోతుంది. నామినేషన్‌కు చాలా ముందే ఆ ముడులు విప్పుకోవాలి. ఇక్కడ రాసినదాంట్లో ఎక్కువ భాగం దాని గురించే.

అసలు పోటీ చేయొచ్చా?

చేయొచ్చు. మత బోధకులు ఎన్నికల్లో నిలబడకూడదని రాజ్యాంగంలో ఎక్కడా లేదు. ఆ రాజ్యాంగం రాసిన సభలోనే షిల్లాంగ్ నుంచి రెవరెండ్ నికల్స్ రాయ్, మద్రాసు నుంచి జెస్యూట్ ఫాదర్ జెరోమ్ డిసౌజా సభ్యులుగా కూర్చున్నారు. ఈశాన్య కొండ ప్రాంతాల స్వపరిపాలన కోసం వచ్చిన ఆరో షెడ్యూల్ వెనుక నికల్స్ రాయ్ గారి కృషి చాలా ఉంది.

దేశ చట్టం ఒప్పుకున్నా మీ సంఘం నియమం ఒప్పుకోవాలి. కేథలిక్ ఫాదర్లకు వాళ్ళ చర్చి చట్టం 285వ నిబంధన ప్రకారం ప్రభుత్వ అధికారం చెలాయించే పదవులు నిషిద్ధం. సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) వాళ్ళయితే మీ బిషప్ ఆఫీసును, అంటే కడపలోని రాయలసీమ డయాసిస్‌నో, నంద్యాల డయాసిస్‌నో ముందుగా రాతపూర్వకంగా అడగండి. నోటి మాట మీద వెళ్ళి, తర్వాత షోకాజ్ నోటీసు వస్తే బాధపడేది మీ కుటుంబమే. స్వతంత్ర సంఘాల పాస్టర్లకు పై అధికారి ఎవరూ ఉండరు కాబట్టి సంఘ పెద్దలే ఆ అధికారి అనుకోండి.

మొదటి పని: ఇంట్లోనూ సంఘంలోనూ మాట్లాడుకోవడం

సంఘ పెద్దలను కూర్చోబెట్టి మూడు విషయాలు తేల్చుకోండి. నామినేషన్ వేసిన రోజు నుంచి ఫలితం వచ్చేదాకా ఆదివారం వాక్యం ఎవరు చెప్తారు? ఆ రోజుల్లో మీ జీవనం ఎలా? ఓడిపోతే మళ్ళీ మిమ్మల్ని సంఘం మామూలుగా చేర్చుకుంటుందా? ఈ మూడింటికీ జవాబులు మినిట్స్ పుస్తకంలో రాయించి సంతకాలు పెట్టించండి. సంఘంలో అందరూ మీకే ఓటేస్తారనుకోవద్దు. ఒక్కో ఇంట్లో ఒక్కో పార్టీ ఉంటుంది. ‘ఎవరికి ఓటేసినా ఈ మందిరంలో మీ చోటు మీదే’ అని మీ నోటితో ఆ రోజే చెప్పండి. ఆ మాట వినగానే కొన్ని ముఖాలు తేలికపడతాయి, మీరే చూస్తారు.

మన రాష్ట్రంలో స్థానిక సంస్థల సీట్లలో సగం మహిళలవి. మీ ఊరు మహిళకు రిజర్వయితే అందరి చూపూ పాస్టరమ్మ గారి మీదకు మళ్ళుతుంది. ఆమెకు ఇష్టమైతేనే నిలబెట్టండి. నిలబడితే ప్రచారంలో మాట్లాడేది, గెలిచాక పంచాయతీలో కూర్చునేది, సంతకం పెట్టేది ఆమే. సంఘంలో ఆడవాళ్ళ కష్టం వినేది ఎక్కువగా ఆమే కదా. చాలా ఊళ్ళలో ఆమే మీకంటే మంచి అభ్యర్థి అని నా నమ్మకం.

రెండో పని: సీటు, సర్టిఫికెట్

ఇక్కడ తొందరపడకండి. షెడ్యూల్డ్ కులాల గురించిన 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా ప్రకారం హిందూ, సిక్కు, బౌద్ధ మతాల వాళ్ళకే ఎస్సీ హోదా. సిక్కులను 1956లో, బౌద్ధులను 1990లో చేర్చారు. క్రైస్తవులను చేర్చలేదు. మన రాష్ట్రంలో ఎస్సీల నుంచి క్రైస్తవంలోకి వచ్చినవాళ్ళు, వాళ్ళ పిల్లలు బీసీ-సీ (వెనుకబడిన తరగతుల్లో సీ గ్రూపు) కిందికి వస్తారు. 2025లో మన హైకోర్టు ఒక పాస్టర్ కేసులో ఇదే చెప్పింది: సర్టిఫికెట్ చేతిలో ఉన్నా, క్రైస్తవం స్వీకరించి పాస్టర్‌గా ఉన్న వ్యక్తికి ఎస్సీ హోదా వర్తించదు.

దీని అర్థం సూటిగా చెప్పాలంటే, కోడుమూరు, నందికొట్కూరు, శింగనమల, మడకశిర, బద్వేలు, రైల్వే కోడూరు లాంటి ఎస్సీ అసెంబ్లీ సీట్లకు గానీ, ఎస్సీకి రిజర్వయిన సర్పంచ్ స్థానానికి గానీ పాస్టర్‌గా ఉంటూ నామినేషన్ వేయొద్దు. ‘అందరూ వేస్తున్నారు, ఏం కాదులే’ అనేవాళ్ళు చుట్టూ ఉంటారు. మీ మీద ఓడిన మనిషి మరుసటి రోజే ఆధారాలు వెతుకుతాడు. యూట్యూబ్‌లో మీ ప్రసంగాలు, గోడ మీద మీ ఫొటోతో వేసిన ఉజ్జీవ సభల పోస్టర్, క్రైస్తవ వివాహ చట్టం కింద పెళ్ళిళ్ళు చేయడానికి మీరు తీసుకున్న లైసెన్సు, అన్నీ దొరుకుతాయి. సీటు పోతుంది, 1993 నాటి కుల ధృవీకరణ చట్టం కింద కేసూ వస్తుంది.

మతం మారితే అంటరానితనం మాయమైపోదని మనకు తెలుసు. పల్లెలో ఆ గీత ఇంకా ఉంది. రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లోనే ఎస్సీ హోదాకున్న ఈ మతం షరతు తీసేయమని సిఫారసు చేసింది. ఆ పోరాటం న్యాయమైనదే, దాన్ని వదలకూడదు. కానీ మీ నామినేషన్ పత్రాన్ని ఆ పోరాటానికి వేదిక చేస్తే నష్టపోయేది మిమ్మల్ని నమ్మిన ఊరు. జనరల్ సీటుకు వెళ్ళండి. బీసీ సీటు అయితే మీ బీసీ-సీ సర్టిఫికెట్ చెల్లుతుందా అని రిటర్నింగ్ ఆఫీసర్‌ను ముందే అడిగి తెలుసుకోండి. ఎస్టీల సంగతి వేరు, వాళ్ళ హోదాకు మతంతో సంబంధం లేదు.

మిగతా అర్హతలు త్వరగా చూద్దాం. పంచాయతీకి 21 ఏళ్ళు, అసెంబ్లీకి 25 ఏళ్ళు నిండాలి. ఇద్దరికి మించి పిల్లలుంటే పోటీ చేయకూడదన్న నిబంధనను 2024 నవంబరులో అసెంబ్లీ ఎత్తేసింది. పాస్టర్లు ఊళ్ళు మారుతుంటారు కాబట్టి ఓటు ఎక్కడుందో చూసుకోండి. సర్పంచ్‌కు నిలబడాలంటే అదే పంచాయతీ జాబితాలో మీ పేరుండాలి, లేకపోతే ఫారం 8తో ఇప్పుడే మార్పించుకోండి. అసెంబ్లీకైతే రాష్ట్రంలో ఎక్కడ ఓటున్నా చాలు. ఇంటి పన్ను, కుళాయి పన్ను బకాయిలు కట్టి రసీదు దాచుకోండి, పంచాయతీకి బాకీ ఉంటే నామినేషన్‌కే ఎసరు. మందిరానికి పన్ను లేదని పక్కనున్న పాస్టర్ ఇంటికీ లేదనుకోవద్దు. ఎయిడెడ్ స్కూల్లో పనిచేస్తున్నా, ప్రభుత్వం ఇచ్చే నెలకు 5,000 రూపాయల గౌరవ వేతనం తీసుకుంటున్నా ఆ సంగతి లాయర్‌కు ముందే చెప్పి సలహా తీసుకోండి.

మూడో పని: పుల్పిట్ దిగడం

ప్రజా ప్రాతినిధ్య చట్టం 123వ సెక్షన్‌ను ఒకసారి తెలుగులో చదివించుకోండి. మతం పేరుతో ఓటడిగితే అవినీతి చర్య, గెలుపు రద్దవుతుంది. 2017 జనవరి 2న సుప్రీంకోర్టు ఏడుగురు జడ్జీల ధర్మాసనం 4-3 మెజారిటీతో ఇంకా స్పష్టం చేసింది: అభ్యర్థి మతమే కాదు, ఓటరు మతం పేరు చెప్పి అడిగినా తప్పే. అదే సెక్షన్‌లో మనకు మరీ దగ్గరగా తగిలే మాట ఇంకోటుంది. ఓటు వేయకపోతే దేవుడి ఆగ్రహానికి గురవుతారని భయపెట్టడం నేరుగా నిషిద్ధం. ఈ చట్టం అసెంబ్లీకి, పార్లమెంటుకు. పంచాయతీ ఎన్నికలకూ ఇదే జాగ్రత్త పాటించండి, ఎందుకంటే ఎన్నికల కోడ్ ప్రార్థనా స్థలాల్లో ప్రచారాన్ని ఒప్పుకోదు. 1988లో వచ్చిన మత సంస్థల దుర్వినియోగ నిరోధక చట్టం ప్రకారం మందిరం ఆవరణను రాజకీయ పనికి వాడితే ఐదేళ్ళ దాకా జైలు.

మన అలవాట్లలో ఏది ప్రమాదమో ఇప్పుడు చూడండి. ‘మన విశ్వాసి నిలబడ్డాడు, ఆలోచించుకోండి’ అని వేరే పాస్టర్ మీ తరఫున అన్నా ముప్పు మీకే. ‘ప్రభువు నన్ను ఈ పనికి పిలిచాడు’ అని సాక్ష్యం చెప్పడం మందిరంలో మామూలే, ప్రచార మైకులో మాత్రం అది మీ మీదే ఆధారమవుతుంది. ఉపవాస ప్రార్థన చివర్లో ‘మన అయ్యగారి గెలుపు కోసం ప్రార్థిద్దాం’ అని ఒక పెద్దమ్మ మనసారా అంటుంది. ఆమె ప్రేమను తప్పుపట్టలేం. ‘అమ్మా, నా కోసం ఇంట్లో ప్రార్థన చేసుకోండి, ఇక్కడ వద్దు’ అని నెమ్మదిగా చెప్పండి. ఇంటి కూడికలకూ ఇదే వర్తిస్తుందనుకోండి. సంఘం వాట్సాప్ గ్రూపులో ప్రచార పోస్టులు పెట్టకుండా అడ్మిన్‌కు చెప్పండి. ప్రచారానికి వేరే గ్రూపు, వేరే నంబరు పెట్టుకోండి.

ఆదివారం గురించి ప్రత్యేకంగా చెప్పాలి. 2024లో అసెంబ్లీ పోలింగ్ మే 13, సోమవారం. ప్రచారం ఆగాల్సిన చివరి 48 గంటల్లో ఆదివారం మొత్తం పడింది. 2021 పంచాయతీ ఎన్నికల నాలుగో విడత పోలింగ్ ఫిబ్రవరి 21, అదే ఆదివారం. అలాంటి ఆదివారం మీరు పుల్పిట్ మీద నిలబడి ఏ వాక్యం చెప్పినా, అందులో ఓటు మాట లేకపోయినా, బయట ఎవడో ఫోన్‌లో తీసి ముక్క కోసి పంచుతాడు. ఆ రోజు వెనక బెంచీలో కుటుంబంతో కూర్చోండి, ఆరాధన అయ్యాక అందరికీ వందనాలు చెప్పి ఇంటికి వెళ్ళిపోండి.

నాలుగో పని: డబ్బు

కానుకలు, దశమ భాగాలు ఎన్నికలోకి ఒక్క రూపాయి రాకూడదు. రాదు అంటే చాలదు, రాలేదని కాగితం మీద కనపడాలి. సంఘం లెక్కలను ఆడిటర్‌తో చూపించి, నామినేషన్‌కు ముందే ఖజానా బాధ్యత ఇంకొకరికి అప్పగించండి. మందిరం జనరేటర్, మైక్ సెట్, టెంటు, వ్యాను కూడా సంఘం ఆస్తే. ‘మనదే కదా’ అని తీసుకోకండి, బయట అద్దెకు తెచ్చుకుని బిల్లు ఉంచండి. మీ ఫోన్‌పే నంబరుకు కానుకలు వస్తుంటే ఆ నంబరు ఇకపై మార్చండి.

విదేశాల నుంచి సాయం వచ్చే సంఘాలకు ఇంకో హెచ్చరిక. 2010 విదేశీ విరాళాల నియంత్రణ చట్టం 3వ సెక్షన్ ప్రకారం ఎన్నికల అభ్యర్థి విదేశీ విరాళం తీసుకోకూడదు. అమెరికాలోని పాత మిత్రుడు ప్రేమతో పంపినా సరే, వద్దని చెప్పండి. సొసైటీలో మీరు కార్యదర్శి అయితే రాజీనామా చేసి, ఆ కాగితం కాపీ దగ్గర పెట్టుకోండి.

అసెంబ్లీకైతే నామినేషన్‌కు కనీసం ఒక రోజు ముందు ఎన్నికల ఖర్చు కోసం ప్రత్యేకంగా బ్యాంకు ఖాతా తెరవాలి. డిపాజిట్ 10,000 రూపాయలు. ఖర్చు పరిమితి 40 లక్షలు, అయితే నిజాయితీగా పోటీ చేసే పాస్టర్‌కు ఆ దరిదాపుల్లోకి వెళ్ళే అవసరం ఉండదు. 10,000 దాటిన చెల్లింపు చెక్కుతోనో ఆన్‌లైన్‌లోనో చేయాలి. ఫారం 26 అఫిడవిట్‌లో మీ ఆస్తులు, భార్య ఆస్తులు, అప్పులు, కేసులు అన్నీ రాయాలి. సంఘం స్థలం మీ సొంత పేరు మీద రిజిస్టరై ఉంటే, చాలా చిన్న సంఘాల్లో అలాగే ఉంటుంది, అది మీ ఆస్తిగానే కనపడుతుంది. ఆ విషయం ఊరికి తెలిసే ముందు మీరే చెప్పండి, లేదా సొసైటీ పేరుకు మార్పించండి. గుర్తింపు పొందిన పార్టీ అభ్యర్థికి ఒక ప్రతిపాదకుడు చాలు, స్వతంత్రులకు పదిమంది కావాలి. పదిమందిలో మీ సంఘం వాళ్ళు ఇద్దరో ముగ్గురో ఉండి, మిగతావాళ్ళు ఊళ్ళో అన్ని వీధుల నుంచీ ఉంటే బాగుంటుంది. ఆ జాబితాను అందరూ చూస్తారు.

ఐదో పని: ఊరంతా తిరగడం

పాస్టర్ అభ్యర్థి ముందు ఊరు అడగని ప్రశ్న ఒకటుంటుంది: ‘ఈయన గెలిస్తే మా పిల్లల్ని మతం మార్చుతాడా?’ అది మనసులో ఉంచుకుని నవ్వుతూ కాఫీ ఇస్తారు. మీరే ఎత్తండి. ‘నేను గెలిస్తే పంచాయతీ ఆఫీసులో బైబిల్ తెరవను. గుడికి వీధి లైటు కావాలన్నా, పీర్ల చావిడి దగ్గర మురికి కాలువ కావాలన్నా, మందిరం దగ్గర కావాలన్నా ఒకే వరుసలో రాస్తాను’ అని చెప్పండి. అది నిజంగా చేసే ఉద్దేశం లేకపోతే ఈ ఎన్నికలోకి దిగొద్దు.

మన సీమలో దీనికి దారులు ఎప్పుడో వేశారు. ఉగాది రోజున దేవుని కడప వెంకన్న దగ్గర ముస్లింలు వరుస కడతారు. అనంతపురం జిల్లా గూగూడు కుళ్ళాయిస్వామి పీర్ల పండగలో హిందువులదే సందడి. కడప అమీన్ పీర్ దర్గాకు అన్ని మతాలవాళ్ళూ వెళ్తారు. జాతరలో తీర్థం ఇస్తే మీ విశ్వాసం ఒప్పుకోకపోవచ్చు. చేతులు జోడించి, పూజారిని ‘స్వామీ’ అని పలకరించి, పెద్దవాళ్ళ క్షేమం అడిగి, పక్కన కూర్చుని మాట్లాడండి. కాదన్నందుకు జనం బాధపడరు, ముఖం తిప్పుకుంటే బాధపడతారు. ఓట్ల కోసం బొట్టు పెట్టుకుని ఫొటో దిగితే మాత్రం ఇటు సంఘం నవ్వుతుంది, అటు ఊరూ నమ్మదు.

చేతిలో ఏం ఉండాలి? మీరు పెట్టిన అర్జీల ఫైలు. కలెక్టరేట్‌లో సోమవారం జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇచ్చిన రసీదులు, గ్రామీణ తాగునీటి శాఖ (ఆర్డబ్ల్యూఎస్) ఇంజనీరుకు రాసిన లెటర్లు, వాటిలో ఏది అయింది, ఏది కాలేదు అన్న ఒక పేజీ లెక్క. కరపత్రంలో మీ ఫొటో చిన్నగా, ఆ పేజీ పెద్దగా వేయించండి. కానివి కూడా రాయండి.

వాగ్దానం పదవికి తగ్గట్టు ఉండాలి. సర్పంచ్ హంద్రీ-నీవా నీళ్ళు మీ చెరువుకు తేలేడు, దాని కోసం అడగాల్సింది ఎమ్మెల్యే. సర్పంచ్ చేతిలో ఉన్నవి తాగునీటి పైపులైన్, వీధి దీపాలు, కాలువలు, చెత్త, శ్మశానం. 2021 నుంచి 2026 దాకా 15వ ఆర్థిక సంఘం పంచాయతీలకిచ్చిన నిధుల్లో 60 శాతం తాగునీరు, పారిశుధ్యానికే కేటాయించారు. ఆ డబ్బు మీ ఊళ్ళో దేనికి ఖర్చయిందో పంచాయతీ కార్యదర్శి దగ్గర అడిగి తెలుసుకుని మాట్లాడండి. సమాధుల స్థలం అడిగేటప్పుడు క్రైస్తవులకే అని అడక్కండి. శ్మశానానికి దారి లేక పొలాల గట్ల మీద పాడె మోసే కష్టం ఊళ్ళో ఇంకెన్ని కులాలకుందో చూడండి, అందరిదీ కలిపి అడగండి.

కోసిగి, కౌతాళం, మంత్రాలయం వైపు ఇంకో లెక్క ఉంది. మిరపకోతల కాలంలో కుటుంబాలకు కుటుంబాలు గుంటూరు వైపు సుగ్గికి, అంటే వలస కూలికి వెళ్ళిపోతాయి. పోలింగ్ ఫిబ్రవరిలో పడితే మీ కోసం నిలబడే పేదవాళ్ళలో సగం ఊళ్ళో ఉండరు. మేస్త్రీల ఫోన్ నంబర్లు ముందే రాసుకోండి, పోలింగ్ తేదీ చెప్పండి, రమ్మని అడగండి. బస్సు పెట్టి తేవడం మాత్రం వద్దు, ఓటర్లకు వాహనాలు పెట్టడం చట్టరీత్యా తప్పు.

ఆరో పని: ఒత్తిడిని తట్టుకోవడం

పంచాయతీ ఎన్నిక పార్టీ గుర్తుల మీద జరగదు. కానీ ప్రతి ఊళ్ళో రెండు వర్గాలుంటాయని మీకు నేను చెప్పక్కర్లేదు. నామినేషన్ల ఉపసంహరణ లోపు ఎవరో పెద్దమనిషి వస్తాడు. ‘అయ్యగారూ, దేవుడి సేవ చేసుకునే మీకు ఈ గొడవలెందుకు? ఊరు ఏకగ్రీవం చేసుకుందాం, మందిరానికి స్లాబు మేము వేయిస్తాం’ అంటాడు. ఈ మాటకు జవాబు ముందే సంఘ పెద్దలతో కలిసి తయారు చేసుకోండి, ఒంటరిగా ఇవ్వకండి. మందిరం స్లాబు కోసం ఊరి ఓటు అమ్మితే ఆ స్లాబు కింద ఏ వాక్యం చెప్తారు? బెదిరింపులొస్తే తేదీ, టైము, సాక్షులతో రాసి రిటర్నింగ్ ఆఫీసర్‌కు, ఎస్పీకి, రాష్ట్ర ఎన్నికల సంఘానికి పంపి రసీదు తీసుకోండి. అసెంబ్లీ ఎన్నికల్లో అయితే కోడ్ ఉల్లంఘనల మీద ఫిర్యాదు చేసే సీ-విజిల్ యాప్ వాడండి. అబద్ధపు కేసులు పెడతారన్న టెన్షన్ ఉంటే మొదటి రోజే లాయర్ వకాలత్ సిద్ధం చేసి ఉంచండి. పిల్లలను కొన్నాళ్ళు అమ్మమ్మ ఇంటికి పంపడంలో సిగ్గుపడాల్సిందేమీ లేదు.

పోలింగ్ రోజు, ఆ తర్వాత

2021లో పంచాయతీ పోలింగ్ ఉదయం 6.30 నుంచి మధ్యాహ్నం 3.30 వరకు జరిగింది, లెక్కింపూ ఆ రోజే. ఈసారి టైము నోటిఫికేషన్‌లో చూసుకోండి. ఏజెంట్లను ముందు రోజే ఎంచి, వాళ్ళ తిండి సంగతి ఖర్చులో రాయండి. సంఘం కుర్రాళ్ళే అన్ని బూతుల్లో కూర్చుంటే బాగుండదు, మిమ్మల్ని నమ్మిన వేరే వీధుల వాళ్ళనూ కూర్చోబెట్టండి. మీరు మామూలు చొక్కా, ప్యాంటుతో వెళ్ళి ఓటేసి రండి. చేతిలో బైబిల్ గానీ, మెడలో తెల్ల కాలర్ గానీ వద్దు.

అసెంబ్లీకైతే ఫలితం వచ్చిన 30 రోజుల్లోపు ఖర్చుల లెక్క జిల్లా ఎన్నికల అధికారికి ఇవ్వాలి. ఓడినవాళ్ళు కూడా ఇవ్వాలి. ఇవ్వకపోతే మూడేళ్ళు అనర్హత పడొచ్చు. పంచాయతీకి నోటిఫికేషన్‌లో చెప్పిన గడువు చూసుకోండి.

ఓడిపోతే వెంటనే పుల్పిట్ ఎక్కకండి. ఒక రెండు వారాలు ఆగి, మీకు ఓటేయని ఇళ్ళకు వెళ్ళి పలకరించి, ఆ తర్వాత సంఘ పెద్దలు పిలిస్తే ఎక్కండి. సోమవారం అర్జీలు మాత్రం ఆపకండి, బోరు ఇంకా చెడిపోయే ఉంది.

గెలిస్తే ఆదివారం వాక్య పరిచర్యను సాధ్యమైనంత వరకు ఇంకొకరికి అప్పగించండి. మందిరం ప్రహరీ గోడ పని పంచాయతీ ముందుకు వస్తే ఆ రోజు మీరు కుర్చీ దిగి, తీర్మానం ఉపసర్పంచ్‌తో నడిపించి, ఆ సంగతి మినిట్స్‌లో రాయించండి. మొదటి గ్రామసభ ఎజెండాలో మొదటి అంశంగా, మీకు ఓట్లు తక్కువ పడిన వార్డు కుళాయి లైన్ పెట్టండి.